ఇంజన్ గదిలో చేతిజ్ఞానం: భారతీయ ఓడ ఇంజనీర్ల శిక్షణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆవిరి ఓడలు భారతీయ రేవులలో ప్రవేశించిన నాటి నుండి ఇంజన్ గదిలో ఎదురైన ఆచరణాత్మక సమస్యలను, వాటిని ఎదుర్కోవలసిన సిబ్బందికి లభించిన శిక్షణను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. యంత్రాన్ని చేతితో ఎరిగినవారు, పరీక్ష రాసి యోగ్యతాపత్రం పొందినవారు సుమారు ఒక శతాబ్దం పాటు భారతీయ ఓడలలో రెండు వేర్వేరు వర్గాలుగా ఉండిపోయారని, 1949 నాటి శిక్షణ విధానం ఆ రెండు జ్ఞానాలను ఒకే మనిషిలో కలపడానికి జరిగిన ప్రయత్నమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ కలయిక నేడు ఎంతవరకు నిలిచిందన్నది చివరి భాగంలో చర్చనీయాంశం.

కీలకపదాలు: ఇంజన్ గది, ఆగ్‌వాలా, బాయిలరు, అర్దేసర్ కర్సెట్జీ, డఫరిన్, క్రాంక్‌కేస్ విస్ఫోటం, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం

ఓడల చరిత్రను రాసినవారిలో ఎక్కువమంది పై డెక్కు మీద నిలబడి రాశారు. నౌకాధిపతులు, సముద్రమార్గాలు, సరుకులు, యుద్ధాలు వారి వస్తువులు. నీటిమట్టానికి దిగువన, పగటి వెలుతురు సోకని చోట ఓడను నడిపిన యంత్రం, దానికి కాపలా ఉన్న మనుషులు ఆ చరిత్రలో అరుదుగా కనిపిస్తారు. తెలుగు తీరానికి ఓడలతో సంబంధం కొత్తది కాదు. గోదావరి ముఖద్వారం దగ్గర కోరంగిలో పందొమ్మిదో శతాబ్దంలో సైతం చెక్క ఓడలు కట్టేవారు, మరమ్మతు చేసేవారు. ఆ తరువాతి కాలంలో కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుండి కూలీలు వేల సంఖ్యలో ఆవిరి ఓడల డెక్కుల మీద కూర్చొని రంగూనుకు వెళ్లారు. వారి బతుకులను గురించి కొంతైనా రాసినవారున్నారు. వారి కాళ్ల కింద, అదే ఓడ అడుగున, బొగ్గు చిమ్మినవారి గురించి రాసినవారు తక్కువ.

ఇంజన్ గదిలో సమస్య పాఠ్యపుస్తకంలో ఉన్న రూపంలో రాదు. రేవుకు ఎంతో దూరంలో, ఓడ ఊగుతుండగా, కావలసిన విడిభాగం అందుబాటులో లేని వేళ వస్తుంది. కార్ఖానాలో యంత్రం చెడితే దానిని ఆపి నిపుణునికి కబురు పంపవచ్చు. ఓడలో ఉన్నవాడే నిపుణుడు కావాలి. గాలివానలో యంత్రాన్ని ఆపడమంటే ఓడను అలలకు అడ్డంగా వదలడమే. అందుచేత ఓడ ఇంజనీరుకు ఏమి నేర్పాలి, ఎవరికి నేర్పాలి, ఎవరి నేర్పును లెక్కలోకి తీసుకోవాలి అనే ప్రశ్నలు కేవలం విద్యావిషయకమైనవి కావు. ప్రాణరక్షణ, జీతం, జాతి, హోదా అన్నీ వాటితో ముడిపడి ఉన్నాయి.

2. ఉప్పునీరు, బొగ్గు

కలకత్తా సమీపంలోని ఖిదిర్‌పూరులో 1823లో జలప్రవేశం చేసిన ‘డయానా’ మొదటి బర్మా యుద్ధంలో పనిచేసింది. ఇంగ్లండు నుండి బయలుదేరిన ‘ఎంటర్‌ప్రైజ్’ 1825 డిసెంబరులో కలకత్తా చేరింది. అయితే ఆవిరి ఓడకు ఉన్న అసలు ఇబ్బంది బొంబాయిలో నిర్మించిన ‘హ్యూ లిండ్సే’ ప్రయాణంలో తేటతెల్లమైంది. 1830 మార్చిలో అది బొంబాయి నుండి సూయెజ్‌కు బయలుదేరింది. దానిలో అయిదున్నర రోజులకు సరిపడే బొగ్గుకు మాత్రమే చోటుంది. ఏడెన్ చేరడానికి పదకొండు రోజుల బొగ్గు కావాలి. మిగిలిన బొగ్గును మనుషులు ఉండవలసిన చోట్లలో కూడా నింపుకొని, నీటిలో బాగా దిగబడి ఆ ఓడ రేవు దాటింది. ఆవిరి ఓడ సమస్యలలో మొదటిది యంత్రానికి సంబంధించినది కాదు, దాని ఆకలికి సంబంధించినది.

రెండో సమస్య నీరు. ఆ కాలపు ఓడలలో పనిచేసి బయటకు వచ్చిన ఆవిరి మీద సముద్రజలం చిమ్మి చల్లార్చేవారు. ఆవిరి, ఉప్పునీరు కలిసిపోయి తిరిగి బాయిలరుకే చేరేవి. నీరు మరిగిన కొద్దీ లోపల ఉప్పు చిక్కబడుతుంది. వేడి రేకుల మీద సున్నపు పొర గట్టిపడుతుంది. ఆ పొర వేడిని నీటికి చేరనివ్వదు. రేకు కందిపోయి మెత్తబడి ఒత్తిడికి ఉబ్బుతుంది. దీనిని నివారించడానికి కావలిలో ఉన్నవారు నిర్ణీత వ్యవధిలో బాయిలరు అడుగునుండి కొంత నీటిని సముద్రంలోకి వదలి, కొత్త నీటిని నింపేవారు. ఎక్కువ వదిలితే బొగ్గు వృథా, తక్కువ వదిలితే రేకుకు ముప్పు. ఈ రెంటి నడుమ ఉన్న సన్నని గీతను చిన్న గాజు తేలికతో నీటి సాంద్రతను కొలిచి, అనుభవంతో పోల్చి నిర్ణయించేవారు. రేవుకు చేరాక బాయిలరు చల్లారకముందే లోపలికి పాకి సుత్తులతో పొరను చెక్కడం మరో పని.

శామ్యూల్ హాల్ 1834లోనే ఆవిరినీ సముద్రజలాన్నీ కలవనివ్వకుండా గొట్టాల ద్వారా చల్లార్చే పద్ధతిని ప్రతిపాదించాడు. అది విస్తృతంగా వాడుకలోకి రావడానికి 1860ల దాకా ఆగవలసి వచ్చింది. మంచినీరు తిరిగి తిరిగి బాయిలరులోకి రావడంతో సున్నపు పొర బెడద తగ్గింది. కానీ మరో బెడద మొదలైంది. సిలిండర్లకు కందెనగా పూసిన జంతువుల కొవ్వు ఆవిరితో కలిసి బాయిలరు చేరి, అక్కడ ఆమ్లంగా మారి ఇనుమును గుంటలు గుంటలుగా తినివేసేది. నిన్నటి దాకా శత్రువుగా చూసిన సున్నపు పొరను ఇంజనీర్లు ఇప్పుడు పలుచగా కావాలని ఏర్పరచుకొని రేకుకు కవచంగా వాడారు. ఆ తరువాత జింకు పలకలు, ఖనిజతైలాలు వచ్చాయి. ఒక సమస్యకు దొరికిన పరిష్కారమే మరో సమస్యకు జన్మస్థానం కావడం ఇంజన్ గది చరిత్ర అంతటా కనిపించే లక్షణం. పై ఉదాహరణ దానికి తొలి రూపం.

నీటి సమస్య తీరాక ఒత్తిడి పెరిగింది. 1865లో ఆల్‌ఫ్రెడ్ హోల్ట్ ‘అగమెమ్నాన్’ చదరపు అంగుళానికి 60 పౌండ్ల ఒత్తిడితో నడిచింది. 1881లో ‘అబర్డీన్’లో అది 125 పౌండ్లకు చేరింది. ఈ నడుమ 1869లో సూయెజ్ కాలువ తెరుచుకోవడంతో తూర్పుదేశాల ఓడలు పూర్తిగా ఆవిరి వైపు మళ్లాయి. బాయిలరు పగిలితే కలిగే నష్టం కూడా ఒత్తిడితోపాటే పెరిగింది.

3. అర్దేసర్ కర్సెట్జీ: అరుదైన మినహాయింపు

బొంబాయిలో తరతరాలుగా ఓడలు కట్టిన వాడియా కుటుంబంలో 1808లో అర్దేసర్ కర్సెట్జీ జన్మించాడు. చెక్క పని వారి వంశవిద్య. అతని మనసు మాత్రం ఆవిరి యంత్రం మీద ఉంది. యువకుడిగానే చిన్న ఆవిరి యంత్రాన్ని స్వయంగా తయారుచేశాడు. మజగావ్‌లోని తన ఇంటిని గ్యాసు దీపాలతో వెలిగించాడు. 1839లో ఇంగ్లండు వెళ్లి అక్కడి కార్ఖానాలను పరిశీలించాడు. 1841లో లండన్ రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికైన తొలి భారతీయుడయ్యాడు. అదే సంవత్సరం బొంబాయి ఆవిరి కార్ఖానాకు ప్రధాన ఇంజనీరుగా, యంత్రాల పర్యవేక్షకునిగా నియమితుడై, యూరోపియన్ పనివారి మీద అధికారం వహించాడు.

ఈ నియామకం నిర్వివాదంగా జరగలేదు. భారతీయుడు ఇటువంటి బాధ్యతకు తగడన్న ఆక్షేపణ బొంబాయి ఆంగ్ల పత్రికలో వెలువడింది. అర్దేసర్ 1857 వరకు ఆ పదవిలో కొనసాగడమే ఆ ఆక్షేపణకు సమాధానం. ఆయన పేరు స్మరించినప్పుడు రాయల్ సొసైటీ గౌరవాన్ని ముందు చెప్పడం పరిపాటి. ఇంజనీర్ల శిక్షణ దృష్ట్యా మరో అంశం ముఖ్యం. చేతితో యంత్రం చేసినవాడు, పుస్తకం చదివినవాడు, పర్యవేక్షణాధికారం ఉన్నవాడు ఆయనలో ఒక్కరుగా ఉన్నారు. భారతదేశంలో మళ్లీ ఆ ముగ్గురు ఒక్కచోట కలవడానికి చాలాకాలం పట్టింది.

దానికి కారణం ఒక మంచి సంస్కరణే కావడం విచిత్రం. బ్రిటిష్ పార్లమెంటు 1862లో వాణిజ్య నౌకాచట్టాన్ని సవరించి, ఓడ ఇంజనీర్లకు యోగ్యతాపత్రాన్ని తప్పనిసరి చేసింది. అంతకుముందు నౌకాధిపతులకు, వారి కింది డెక్కు అధికారులకు మాత్రమే అటువంటి పరీక్ష ఉండేది. యంత్రశాలలో శిష్యరికం, ఆపై సముద్రసేవ, ఆపై పరీక్ష అనే మూడు మెట్లు అప్పటి నుండి ఇంజనీరు వృత్తికి పునాది అయ్యాయి. ఈ మెట్లలో మొదటిది క్లైడ్, టైన్ నదీతీరాల యువకునికి ఇంటి ముందే ఉంది. భారతీయ నావికునికి అది అందుబాటులో లేదు. మూడోది ఆంగ్లంలో ఉంది. చట్టంలో జాతి ప్రస్తావన అవసరం లేకుండానే, ఇంజనీరు గది తలుపు అతనికి మూసుకుపోయింది.

4. ఆగ్‌వాలాలు

ఇంజనీరు గది తలుపు మూసుకుపోయిందే కాని కొలిమి గది తలుపు మూయలేదు. దానిని తెరిచి మరీ పిలిచారు. పందొమ్మిదో శతాబ్దపు మధ్యకాలం నుండి తూర్పుదేశాలకు నడిచే బ్రిటిష్ ఓడల కొలిమి గదులను నడిపినవారు ప్రధానంగా భారతీయులు. బొంబాయి ఓడలలో పంజాబు, వాయవ్య సరిహద్దు ప్రాంతాలవారు, కలకత్తా ఓడలలో సిల్హెట్ జిల్లావారు ఎక్కువగా ఉండేవారు. వారి వరుసలో అందరికంటే పైన సారంగు, అతని కింద టిండాలు, ఆపై నూనె పోసే తేల్‌వాలా, కొలిమి చూసే ఆగ్‌వాలా, బొగ్గు మోసే కోయ్‌లావాలా. లస్కరీ భాష అని పిలిచే హిందుస్తానీ మిశ్రమంలో ఉత్తర్వులు నడిచేవి. థామస్ రోబక్ 1811లో కలకత్తాలో ప్రచురించిన నౌకానిఘంటువు తెరచాపలు, తాళ్లు, దూలాల మాటలను శ్రద్ధగా నమోదు చేసింది. ఆవిరి ఓడలు అప్పటికి భారతీయ రేవులలోకి రాలేదు కనుక ఇంజన్ గది మాటలకు అందులో చోటు లేదు. తరువాత పుట్టిన ఆ మాటలలో రెండు మూడు ఉద్యోగాల పేర్లుగా నిలిచాయి.

ఆగ్‌వాలా పని బలంతో మాత్రమే అయ్యేది కాదు. కొలిమి తలుపు తెరిచిన ప్రతిసారీ చల్లని గాలి లోపలికి దూరి ఆవిరి ఒత్తిడి పడిపోతుంది. అందువల్ల తెరవడం, చిమ్మడం, మూయడం క్షణాలలో జరగాలి. బొగ్గు కుప్పగా పడితే మధ్యలో నల్లగా ఉండిపోతుంది, పలుచగా పడితే కడ్డీల నడుమ గాలి దూరి మంట చీలుతుంది. ఓడ ఏ పక్కకు ఒరుగుతున్నదో కాళ్లతో గ్రహించి, ఒరుగు వచ్చే క్షణానికి పార విసరాలి. భారతీయ బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. అది కరిగి కడ్డీల మీద చిట్టెంలా అతుక్కుపోతుంది. పొడవాటి ఇనుపగడ్డపారతో దానిని పెళ్లగించి బయటకు లాగాలి. నిప్పు రంగును బట్టి ఏ కొలిమిని ఎప్పుడు శుభ్రం చేయాలో నిర్ణయించాలి. గొట్టంలోంచి వచ్చే పొగ నలుపైతే పైనుండి తిట్లు, ఒత్తిడి పడిపోతే పక్కనుండి తిట్లు. నాలుగు గంటల కావలి, ఎనిమిది గంటల విరామం, మళ్లీ కావలి. ఎర్రసముద్రంలో వెనుకగాలి వీచే రోజులలో కొలిమి గది ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటేది. వడదెబ్బతో మనుషులు కూలిపోయిన సందర్భాలున్నాయి. భారతీయులు వేడికి పుట్టుకతోనే అలవాటుపడ్డవారన్న వాదన కంపెనీలకు అనుకూలంగా ఉండేది. సిల్హెట్ వరిపొలానికీ ఎర్రసముద్రపు కొలిమి గదికీ ఉన్న తేడా ఆ వాదనలో కనిపించదు.

ఈ నేర్పంతా ఒక తరం నుండి మరో తరానికి సారంగు ద్వారా అందేది. ఊరివాళ్లను, బంధువులను తెచ్చి జట్టు కట్టేవాడు అతడే. బోయవాని వద్ద బాణం నేర్చినట్లు కొత్తవాడు కోయ్‌లావాలాగా చేరి, చూసి, తిట్లు తిని, పార పట్టి ఆగ్‌వాలా అయ్యేవాడు. ఉద్యోగం ఇప్పించినందుకు సారంగుకు లంచం చెల్లించడమూ ఆ శిష్యరికంలో భాగమే. ఆ వ్యవస్థను ఆదర్శంగా చిత్రించడం చారిత్రకంగా సరికాదు. అయితే అది శిక్షణ వ్యవస్థ కాదనడం కూడా అంతే పొరపాటు. బేరింగు వేడెక్కుతున్నదని వేళ్ల వెనుకవైపుతో తాకి చెప్పగల తేల్‌వాలాకు, ఆ బేరింగు ఎందుకు వేడెక్కిందో కాగితం మీద రాయమంటే చేతకాదు. రాయగలవాడే ఇంజనీరు. అతనికి దక్కిన జీతంలో చిన్న పాలు మాత్రమే తేల్‌వాలాకు దక్కేది.

5. డఫరిన్ నుండి తారాతల వరకు

1919 ఏప్రిల్ 5న సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడ ‘లాయల్టీ’ బొంబాయి నుండి లండనుకు బయలుదేరింది. ఆ రోజును నేడు జాతీయ నౌకాదినంగా జరుపుకుంటున్నారు. స్వదేశీ ఓడకు స్వదేశీ అధికారులు లేరన్న వాస్తవం అప్పుడు బహిరంగ చర్చకు వచ్చింది. తూత్తుకుడిలో చిదంబరం పిళ్లై 1906లో స్థాపించిన స్వదేశీ ఆవిరి ఓడల సంస్థ కూడా ఇదే ఇబ్బందిని ఎదుర్కొంది. ఓడను కొనవచ్చు, వాటాలు పోగుచేయవచ్చు. యోగ్యతాపత్రం ఉన్న ఇంజనీరు లేనిదే ఓడ రేవు విడవడానికి చట్టం ఒప్పుకోదు.

కెప్టెన్ హెడ్‌లామ్ అధ్యక్షతన 1923లో ఏర్పాటైన భారత వాణిజ్య నౌకాసంఘం శిక్షణ ఓడ ఒకటి అవసరమని సిఫారసు చేసింది. పాత సైనికరవాణా ఓడ ‘డఫరిన్’ 1927లో బొంబాయిలో శిక్షణ ఓడగా మారింది. గమనించవలసిన విషయమేమిటంటే అక్కడ మొదట చేరినవారు డెక్కు అధికారులు కాగోరే బాలురు మాత్రమే. ఇంజనీరు శిక్షణార్థులకు 1930ల మధ్యలో గాని చోటు దొరకలేదు. ఈ జాప్యానికి నిధుల కొరత ఒక్కటే కారణమని చెప్పలేము. కట్టివేసిన ఓడ మీద తాడు ముడి, పడవ పని, నక్షత్రాల లెక్క నేర్పవచ్చు. కట్టివేసిన ఓడ ఇంజను మాత్రం చల్లగా ఉంటుంది. చల్లని ఇంజను ఎవరికీ ఏమీ నేర్పదు. డఫరిన్ ఇంజనీరు విద్యార్థులు నిజంగా ఇనుమును ఎరగాలంటే ఒడ్డునున్న కార్ఖానాలకు వెళ్లవలసిందే.

ఈ గుర్తింపు నుండి స్వాతంత్ర్యానంతరం ఒక కొత్త విధానం రూపుదిద్దుకుంది. 1949లో కలకత్తా, బొంబాయి నగరాలలో సముద్ర ఇంజనీరింగ్ శిక్షణ డైరెక్టరేటు మొదలైంది. నాలుగేళ్ల కాలంలో విద్యార్థి ఓడల మరమ్మతు కార్ఖానాలలో శిష్యరికం చేస్తూనే గణితం, ఉష్ణశాస్త్రం, విద్యుచ్ఛాస్త్రం చదవాలి. కలకత్తా తారాతల రోడ్డులోని దాని ప్రాంగణం ఆ వృత్తిలో ఉన్నవారందరికీ తెలిసిన చిరునామా. ఆకురాయితో ఇనుపదిమ్మను అరగదీసి కొలతకు తేవడం, ఉలితో చెక్కడం, బేరింగుకు నీలిరంగు పూసి ఎక్కడ ఆనుతున్నదో చూసి గీకడం వంటి పనులు శిష్యరికంలో మొదటి పాఠాలు. బాగా చదువుకున్న మధ్యతరగతి కుటుంబాల పిల్లలు చేతులు కాయలు కాచేలా ఇనుముతో పనిచేయడం ఆ రోజులలో చిన్న మార్పు కాదు. చేతిపని కులాలకు, పుస్తకం మరికొన్ని కులాలకు పంచిపెట్టిన సమాజంలో ఈ విధానం ఆ రెంటినీ ఒకే దినచర్యలోకి తెచ్చింది. ఈ అంశం మీద మరింత పరిశోధన జరగవలసి ఉంది.

విశాఖపట్నం చరిత్ర ఈ సందర్భంలోనే ప్రస్తావనార్హం. 1933లో అక్కడ ఆధునిక రేవు ప్రారంభమైంది. 1941 జూన్‌లో సింధియా నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు పట్టణం మీద బాంబులు వేశాయి. యుద్ధం ముగిశాక పని పుంజుకొని, 1948 మార్చి 14న జవాహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా ‘జలఉష’ నీటిలోకి దిగింది. రేకులు వంచి, రివెట్లు కొట్టి ఓడ దేహాన్ని రూపొందించినవారిలో ఉత్తరాంధ్ర కార్మికులు ఉన్నారు. ఓడ ఇంజను మాత్రం విదేశాల నుండే రావలసి వచ్చింది. 1952లో అది హిందుస్థాన్ షిప్‌యార్డుగా ప్రభుత్వ భాగస్వామ్యంలోకి మారింది. ఓడను కట్టగలిగిన చోట ఓడ యంత్రాన్ని విప్పి బిగించగల ఫిట్టర్లు తయారవుతారు. తెలుగునాట ఇంజన్ గది విద్యకు కళాశాల కంటే ముందు ఆ నౌకానిర్మాణశాలే నెలవు.

6. ‘రైనా డెల్ పసిఫికో’ నేర్పిన పాఠం

డైరెక్టరేటు మొదలైన కాలానికి ఇంజన్ గదులే మారిపోతున్నాయి. 1912లో డెన్మార్కు ఓడ ‘సెలాండియా’ డీజిల్ ఇంజన్లతో కోపెన్‌హేగన్ నుండి బ్యాంకాక్ వెళ్లివచ్చింది. కొలిమి లేదు, బొగ్గు లేదు, ఆగ్‌వాలా అవసరం లేదు. రెండు ప్రపంచయుద్ధాల నడుమ డీజిల్ విస్తరించింది. దానితో వచ్చిన కొత్త ప్రమాదం మాత్రం 1947 సెప్టెంబరు 11 దాకా పూర్తిగా అర్థం కాలేదు.

ఆ రోజు బెల్‌ఫాస్ట్ సమీపంలో ‘రైనా డెల్ పసిఫికో’ అనే ప్రయాణికుల ఓడ మరమ్మతు అనంతరం పరీక్షాప్రయాణంలో ఉంది. యుద్ధకాలమంతా సైనికులను మోసిన ఆ ఓడలో నాలుగు డీజిల్ ఇంజన్లున్నాయి. ఒక ఇంజనులో పిస్టన్ అతిగా వేడెక్కి విస్ఫోటం జరిగింది. క్షణాలలో మిగిలిన ఇంజన్లూ పేలాయి. 28 మంది మరణించారు.

విచారణలో తేలిన ప్రక్రియను నేటికీ ప్రతి విద్యార్థికీ మొదటి ఏడాదిలోనే చెబుతారు. ఇంజను దిగువన ఉండే క్రాంక్‌కేస్ లోపల కందెన నూనె చుక్కలు నిరంతరం చిమ్ముతుంటాయి. ఆ చుక్కలు అంత సులభంగా మండవు. ఏదో ఒక బేరింగు గాని, పిస్టన్ గాని మితిమీరి వేడెక్కితే దానిని తాకిన నూనె ఆవిరై, కొంచెం దూరం వెళ్లి చల్లబడి తెల్లటి పొగమంచుగా మారుతుంది. ఆ మంచు గాలితో తగిన పాళ్లలో కలిసినప్పుడు అదే వేడి ప్రదేశం దానిని అంటిస్తుంది. మొదటి పేలుడు చిన్నదైనా అది తలుపును ఊడబెరుకుతుంది. ఆపై లోపల ఒత్తిడి పడిపోయి బయటి గాలిని పీల్చుకుంటుంది. రెండో పేలుడు మనుషులను చంపుతుంది.

ఈ అవగాహన నుండి ఒత్తిడిని బయటకు వదిలి వెంటనే మూసుకొనే కవాటాలు, నూనె మంచును పసిగట్టే పరికరాలు వచ్చాయి. 300 మిల్లీమీటర్లకు మించిన సిలిండరు వ్యాసం గాని, 2250 కిలోవాట్లకు తగ్గని సామర్థ్యం గాని ఉన్న ఇంజన్లకు నేటి అంతర్జాతీయ నిబంధనలు అటువంటి పరికరాన్ని విధిస్తున్నాయి. శిక్షణ దృష్ట్యా ఇంతకంటే ముఖ్యమైనది ఒక అలవాటును మానిపించడం. ఆవిరి యుగంలో మంచి ఇంజనీరు అనుమానం వస్తే వెంటనే తలుపు తీసి చేయి పెట్టి చూసేవాడు. అదే అతని గొప్పదనం. డీజిల్ ఇంజనులో అదే చేష్ట గాలిని లోపలికి ఆహ్వానిస్తుంది. వేగం తగ్గించాలి, ఇంజను ఆపాలి, తలుపుల దగ్గర నుండి తప్పుకోవాలి, అది చల్లారే దాకా కనీసం అరగంటైనా వేచి ఉండాలి. చేయి పెట్టడం నేర్పినంత శ్రద్ధగా ఇప్పుడు చేయి పెట్టకుండా ఉండటం నేర్పవలసి వచ్చింది. భారతదేశంలో యోగ్యతా పరీక్షలలో మౌఖిక పరీక్ష అత్యంత భయకారకంగా పేరు పొందడానికి కారణం ఇక్కడే ఉంది. పరీక్షకుడు సూత్రాన్ని అడగడు. ‘రాత్రి రెండు గంటలకు మంచు అలారం మోగింది, నీవొక్కడివే ఉన్నావు, ఏం చేస్తావు?’ అన్న తరహా ప్రశ్న వేస్తాడు. జవాబులో మొదటి వాక్యం తప్పితే రెండో వాక్యం దాకా వెళ్లనివ్వడు.

7. చౌక నూనె ఖరీదు

1946లో సేవలో ప్రవేశించిన ‘ఆరిక్యులా’ అనే నూనె ఓడలో జాన్ లాంబ్ చిక్కని, చౌకైన మడ్డినూనెతో డీజిల్ ఇంజను నడపవచ్చని నిరూపించాడు. ఓడ యజమానులకు అది వరం. ఇంజన్ గదికి అది ఎడతెగని చాకిరీ. చల్లగా ఉంటే తారులా గడ్డకట్టే ఆ నూనెను వేడిచేసి, గిర్రున తిరిగే ప్యూరిఫయర్‌లో నీరు, మట్టి విడదీసి, మళ్లీ వేడిచేసి ఇంజనుకు పంపాలి. కొలిమి గది పోయినా, దాని మురికి ప్యూరిఫయర్ గది రూపంలో తిరిగి వచ్చింది.

నూనె శుద్ధికర్మాగారాలు ముడిచమురు నుండి మరింత పెట్రోలు పిండుకోవడానికి ఉత్ప్రేరకాలు వాడడం పెరిగిన కొద్దీ, అల్యూమినియం, సిలికాన్‌లతో కూడిన సూక్ష్మరేణువులు మడ్డినూనెలో మిగిలిపోసాగాయి. కంటికి కనబడనంత చిన్నవి, ఇనుము కంటే గట్టివి. సిలిండరు గోడలో, పిస్టన్ వలయాలలో నాటుకొని ఆకురాయిలా అరగదీస్తాయి. ఏళ్ల పాటు రావలసిన వలయాలు వారాలలో అరిగిపోవచ్చు. అంతర్జాతీయ ప్రమాణం 2010లో ఈ రేణువుల పరిమితిని కిలోకు 80 నుండి 60 మిల్లీగ్రాములకు తగ్గించింది. అయినా ఓడలో నూనెను 98 డిగ్రీల దగ్గర నిలిపి, ప్యూరిఫయర్ గుండా నెమ్మదిగా పంపితేనే ఇంజను భరించగల స్థాయి వస్తుంది. ఉష్ణోగ్రత కొద్ది డిగ్రీలు పడిపోయినా ఏ అలారమూ మోగకపోవచ్చు. నష్టం కొన్ని వారాల తరువాత సిలిండరు లోపల కనబడుతుంది. 1840లలో బాయిలరు నీటి సాంద్రతను కొలిచినవాడి పనికీ, ఇక్కడ ఉష్ణమాపకాన్ని చూస్తున్నవాడి పనికీ స్వభావంలో తేడా లేదు. 2020 జనవరి 1 నుండి నూనెలో గంధకం 0.50 శాతానికి మించరాదన్న నిబంధన అమలైంది. వేర్వేరు చోట్ల కొన్న నూనెలు ఒకదానితో ఒకటి కలవక బురదగా విడిపోవడం ఆ తరువాత ఇంజనీర్లకు ఎదురైన కొత్త తలనొప్పి.

8. కాగితం, తెర, తీగ

నావికుల శిక్షణ, యోగ్యతాపత్రాలు, కావలి విధులపై అంతర్జాతీయ ఒప్పందం 1978లో కుదిరి 1984లో అమలులోకి వచ్చింది. 1995లో దానిని సమూలంగా సవరించి, అభ్యర్థి ఎంతకాలం పనిచేశాడన్నదానితో పాటు ఏమి చేయగలడో చూపాలన్నారు. 2010 మనీలా సవరణలు ఇంజన్ గది సిబ్బంది పరస్పర సమన్వయాన్ని, విద్యుత్ అధికారి యోగ్యతను చేర్చాయి. భారతదేశంలో 2008లో భారత సముద్ర విశ్వవిద్యాలయం ఏర్పడి కలకత్తా, ముంబై సంస్థలతోపాటు విశాఖపట్నంలోని ఓడల రూపకల్పన కేంద్రాన్ని తనలో కలుపుకుంది. 1990ల తరువాత ప్రైవేటు కళాశాలలు విస్తరించాయి. తెలుగు రాష్ట్రాల నుండి ఈ వృత్తిలోకి వెళ్లే యువకుల సంఖ్య కూడా పెరిగింది.

ఈ విస్తరణలో ఒక నష్టం ఉంది. మరమ్మతు కార్ఖానాలో ఏళ్ల తరబడి సాగిన శిష్యరికం స్థానంలో కళాశాల యంత్రశాలలో కొన్ని నెలల అభ్యాసం, కంప్యూటర్ తెర మీద నడిచే కృత్రిమ ఇంజన్ గది వచ్చాయి. చదువు పూర్తిచేసిన విద్యార్థులందరికీ ఓడ మీద శిక్షణ చోటు దొరకడం లేదు. అప్పుచేసి రుసుము కట్టిన కుటుంబాలకు అది ఆర్థిక విపత్తు కూడా. కృత్రిమ ఇంజన్ గదిని తక్కువ చేయనక్కరలేదు. నిజమైన ఓడలో ఎవరూ కావాలని కల్పించలేని ప్రమాదాలను అది పదేపదే చూపగలదు. అయితే అందులో వేడి ఉండదు, వాసన ఉండదు. తప్పు చేసినవాడు మీట నొక్కి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

2024 మార్చి 26 తెల్లవారుజామున అమెరికాలోని బాల్టిమోర్ రేవు నుండి బయలుదేరిన ‘డాలి’ అనే కంటైనర్ ఓడలో నిమిషాల వ్యవధిలో రెండుసార్లు విద్యుత్తు పోయింది. అదుపు తప్పిన ఓడ ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని ఢీకొంది. వంతెన మీద రోడ్డు గుంతలు పూడుస్తున్న ఆరుగురు కార్మికులు మరణించారు. ఓడ సిబ్బందిలో అత్యధికులు భారతీయులు కావడంతో వారిపై అపహాస్యపు బొమ్మలు కూడా ప్రచారమయ్యాయి. అమెరికా రవాణా భద్రతా మండలి విచారణ ముగిసేసరికి కథ వేరుగా తేలింది. మొదటి అంతరాయానికి కారణం ఒక వదులు తీగ. తీగను గుర్తించడానికి దాని చివర తొడిగిన చిన్న చీటీ అడ్డుపడి, అది బిగింపులోకి పూర్తిగా దిగలేదు. అలాగే కొంతకాలం పనిచేసి ఆ రాత్రి విడిపడింది. దానితో బ్రేకరు తెరుచుకుంది. రెండో అంతరాయం వెనుక మరో విషయం ఉంది. జనరేటర్లకు నూనె అందించడానికి గొట్టాలు కడగడానికి ఉద్దేశించిన పంపును వాడుతున్నారు. విద్యుత్తు పోయి తిరిగి వచ్చినప్పుడు ఆ పంపు తనంత తాను మొదలుకాదు. ఎవరో ఒకరు వెళ్లి మొదలుపెట్టాలి.

ఆ తీగ బిగువును తెలుసుకోవడానికి వేళ్లతో పట్టి మెల్లగా లాగి చూస్తే సరిపోయేది. అటువంటి తీగలు ఆ ఓడలో వేల సంఖ్యలో ఉన్నాయి.